మా ఊరు డెడ్ కిలోమీటరు

రిత్విక్ అనే పిల్ల ఇంజనీరు మొన్న ఎండాకాలం నా హోటల్లో రెండు చాయ్‌లు తాగాడు. అల్లం ఘాటు బాగుందని మెచ్చుకున్నాడు. మూడో వారానికల్లా మా ఊరి బస్సును చంపేశాడు.

కత్తితో కాదు, లాప్‌టాప్‌తో! జిల్లేడుబండ అనే మా ఊరి మీద వేలు పెట్టి, ఇక్కడ ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు, ఇది దండగ అని రాసిపడేశాడు. నా చాయ్ అరగకముందే నా పొయ్యి ఆర్పిన మహానుభావుడు!

అయినా అయ్యలారా, అమ్మలారా, నేను ఆ పిల్లవాణ్ని తిట్టడానికి కూర్చోలేదు. సన్మానం చేయడానికి కూర్చున్నాను. ఎందుకంటారా? ఎదిగే పట్నానికి బస్సు అనేది ఒక జబ్బు. ఆ జబ్బు కుదిర్చే వైద్యుడు ఇన్నాళ్లకు మాకు దొరికాడు. అలాంటివాడికి శాలువా కప్పకపోతే మనం మనుషులమేనా?

ఏడో తరగతితో బడి మానేసినవాడి మాట ఎవరు నమ్ముతారు లెండి. నన్ను పక్కన పెట్టండి. మా పట్నాన్ని చూడండి.

పదేళ్ల కింద అది ఒక పెద్ద ఊరు, అంతే. ఒకవైపు నకిరేకల్ దారి, ఒకవైపు భువనగిరి దారి, నడుమ బస్టాండు. రాష్ట్రం వచ్చింది. బైపాస్ వచ్చింది. పట్నానికి ఒళ్లు వచ్చింది. చుట్టుపక్కల పన్నెండు ఊళ్లను, మా జిల్లేడుబండతో సహా, ఒక్క జీవోతో మింగి తేన్చింది. అంత పెద్ద పట్నంలో ఇంకా ఊళ్ల పేర్లు రాసుకున్న బస్సులు తిరిగితే పరువేం కావాలి?

అందుకే సంస్కరణ మొదలైంది. ఎక్కడినుంచో ఒక కన్సల్టెన్సీ దిగింది. అందులోంచి రిత్విక్ దిగాడు. 'రూట్ల హేతుబద్ధీకరణ' అనే మాట కూడా వాళ్లతోనే దిగింది. మా వార్డు కార్పొరేటరుకు ఆ మాట నోరు తిరగడానికే నాలుగు రోజులు పట్టింది. తిరిగిన మరుక్షణం సంతకం పెట్టేశాడు.

మొదట బోర్డులు మార్చారు. ఇదివరకు బస్సు నుదుటి మీద 'దవాఖాన – కూరగాయల మార్కెట్ – జిల్లేడుబండ' అని రాసి ఉండేది. ఎంత మోటు! ఎక్కడికి పోతుందో ముందే చెప్పేస్తే ప్రయాణంలో మజా ఏముంటుంది? ఇప్పుడు జీ-4, ఆర్-2, ఎక్స్-7 అని రాస్తున్నారు. జీ అంటే గ్రీన్ లైనట. బస్సు మాత్రం నీలం రంగుది. ఇదేమిటని అడిగితే, గ్రీన్ అంటే రంగు కాదు, కాన్సెప్ట్ అన్నారు.

మా ఊరి సైదమ్మ ముప్పై ఏళ్లుగా పట్నంలో ఆకుకూరలు అమ్ముతుంది. చదువు రాదు. బస్సును డ్రైవర్ మీసాన్ని బట్టి గుర్తుపట్టేది. కొత్త బస్సులకు నల్లద్దాలు. మీసం కనిపించదు. ఏం చేస్తుంది? గంప నెత్తిన పెట్టుకుని, వచ్చిన ప్రతి బస్సునూ ఆపి, "ఓ కొడుకా, నువ్వు ఏ అచ్చరానివిరా?" అని అడుగుతుంది. వయోజన విద్య పేరుతో ముప్పై ఏళ్లు పలకలు పంచినా రాని చదువు ఒక్క బోర్డుతో వచ్చింది! ఇప్పుడు సైదమ్మకు ఇంగ్లిష్‌లో మూడు అక్షరాలు వచ్చు. ఇంకో ఇరవై మూడు రూట్లు వేస్తే పట్టా పుచ్చుకుంటుంది.

తర్వాత హబ్ కట్టారు. ఊరి నడుమ బస్టాండులో అందరూ దిగి అందరూ ఎక్కడం అనాగరికం కదా! అందుకని పట్నానికి నాలుగు కిలోమీటర్ల అవతల, బైపాస్ పక్కన, 'మొబిలిటీ హబ్' కట్టారు. అక్కడ ఇల్లు లేదు, బడి లేదు, దవాఖాన లేదు. ఉన్నదొక్కటే – ఒక పెద్ద వెంచర్. తెల్ల రాళ్లు, రంగు జెండాలు, కమాను. హబ్ చూసి వెంచర్ వచ్చిందా, వెంచర్ చూసి హబ్ వచ్చిందా అని అడిగేవాళ్లు అభివృద్ధి నిరోధకులు. ఇదివరకు మా ఊళ్లో ఎక్కి దవాఖాన ముందు దిగేవాళ్లం. ఇప్పుడు ఒక బస్సులో హబ్‌కు పోయి, అక్కడ ఇంకో బస్సెక్కి, మార్కెట్ దగ్గర దిగి, మూడో బస్సు పట్టుకోవాలి. జ్వరంతో బయలుదేరినవాడికి దవాఖాన చేరేలోపు జ్వరం తగ్గిపోతోంది. లేదా మనిషే తగ్గిపోతున్నాడు. ఎటు తిరిగీ డాక్టర్లకు పని తక్కువ!

బస్ షెల్టర్లు చూశారా? కప్పు కూడా అద్దమే. పైనుంచి సూర్యుడు, పక్కనుంచి నగల దుకాణం ప్రకటనలో నవ్వుతున్న హీరోయిన్. మే నెలలో మా దిక్కు ఎండ ఎట్లుంటుందో మీకు చెప్పాలా? ఆ స్టీలు బెంచీ మీద మక్క కంకి పెడితే పేలాలవుతాయి. మనుషులు కూర్చోరు కాబట్టి బెంచీ ఎప్పుడూ కొత్తగా మెరుస్తుంది. నిర్వహణ ఖర్చు సున్నా!

ఇక బస్సు లోపల రికార్డు చేసిన ఆడగొంతు. "నెక్స్ట్ స్టాప్..." అని ఏదో అంటుంది. ఒక అవ్వ ఆ గొంతుకు జవాబు చెప్పడం నేను చెవులారా విన్నాను. "ఆ బిడ్డా, జర అక్కడ్నే దింపు, మోకాళ్లు లెవ్వు" అంది. గొంతు మళ్లీ "నెక్స్ట్ స్టాప్" అంది. "దింపుతనంటివి, ఏడ దింపినవే?" అని అవ్వ తగువు పెట్టుకుంది. పల్లె మనిషితో బస్సు మాట్లాడటం మన చరిత్రలో ఎప్పుడైనా జరిగిందా?

అన్నింటికన్నా గొప్పది సర్క్యులర్ రూటు. మా ఊరి బాలయ్యకు డెబ్బై రెండేళ్లు. కంటి పరీక్షకని పొద్దున తొమ్మిదింటికి ఎక్స్-7 ఎక్కాడు. కళ్ల దవాఖాన ఎప్పుడు వస్తుందో తెలియదు. కళ్లు కనబడితే కదా తెలిసేది! బస్సు పట్నాన్ని చుట్టింది. మళ్లీ చుట్టింది. దేవుడికి ప్రదక్షిణం చేస్తే పుణ్యం, వెంచర్లకు ప్రదక్షిణం చేస్తే అభివృద్ధి. సాయంత్రానికి ఏడు చుట్లు పూర్తి చేసుకుని ఎక్కిన చోటే దిగాడు.

"కళ్లు చూపెట్టుకున్నవా తాతా?" అని అడిగాను.

"నేను కండ్లు సూపెట్టుకునుడు ఏంది నాగరాజూ, వాళ్లే నాకు పట్నం మొత్తం సూపెట్టిండ్రు. ఏం లాభం, ఏదీ కనవడలే!" అన్నాడు.

బస్సుల యాప్ గురించి ఒక్క మాట చెప్పి అసలు సంగతికి వస్తాను. ఆ యాప్‌లో మా ఊరి బస్సు 'నాలుగు నిమిషాల్లో వచ్చును' అని ఇప్పటికీ చూపిస్తోంది. బస్సు ఆగిపోయి మూడు నెలలు. ఆ నాలుగు నిమిషాలు తరగవు, పెరగవు. మునులు అడవుల్లో తపస్సు చేసి కాలాన్ని ఆపేవాళ్లట. మావాళ్లు ఫోన్లోనే ఆపారు!

ఇప్పుడు మా ఊరి సంగతి.

జిల్లేడుబండకు బస్సు ఊరికే రాలేదు. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు దాకా బస్సు క్వారీ దగ్గరే ఆగేది. క్వారీ అంటే కంకర కొట్టే గుట్ట. అక్కడినుంచి మా ఊరు రెండు కిలోమీటర్లు. ఊళ్లోకి ఎందుకు రారని అడిగితే, రోడ్డుంది గానీ బస్సు మలుపుకునే జాగా లేదన్నారు. మా ఇళ్ల నడుమ ఎడ్లబండి మలగడమే కష్టం. బస్సు వస్తే వెనక్కి వెనక్కి పోవాల్సిందే.

అప్పుడు నేను ముందుకొచ్చాను. రోడ్డు మీద నా చెలక ఉంది. కంది వేసేవాణ్ని. అందులోంచి బస్సు మలుపుకునేంత జాగా రాసిచ్చాను. పక్కన మిగిలిన మూల మీద చాయ్ హోటల్ పెట్టుకున్నాను. త్యాగమని చెప్పను. బస్సు వస్తే చాయ్ అమ్ముడవుతుందనే ఇచ్చాను. అయితే ఏం? ఊరికి బస్సు వచ్చిందా లేదా? రోజుకు నాలుగు ట్రిప్పులు. సైదమ్మ ఆకుకూరలు వాడకుండా మార్కెట్ చేరేవి. పిల్లలు బడికి పోయేవాళ్లు. నా పొయ్యి మీద పాలు పొంగేవి. మా ఊరికి ఉన్న ఒకే ఒక్క వైభోగం, గుండ్రంగా తిరిగే ఆ బస్సు.

మొదటి రోజు పట్నం బస్టాండులో బస్సుకు దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, అందరం ఎక్కాం. కండక్టర్ ఎస్తేరు. అప్పుడే కొత్తగా నౌకరీలో చేరింది. క్వారీ దాకా ఇరవై, జిల్లేడుబండకు ఇరవై అయిదు అంది. అయిదు రూపాయలు ఎక్కువ!

నాకు ఒళ్లు మండింది. జాగా నాది, మలుపు నాది, మళ్లీ నాకే టికెట్టా? లేచి నిలబడి ఒక లా పాయింటు తీశాను.

"ఎస్తేరమ్మా, మేం క్వారీ కాడికే టికెట్ తీస్తం. ఆడికెల్లి మీ బస్సు మలుపుకోవడానికి నా జాగాకు వస్తాంది. మీ బస్సు పని మీద మీ బస్సు పోతాంది. మేం ఊరికే కూసున్నం. దానికి పైసలెందుకు?"

బస్సంతా చప్పట్లు. "గిట్ల వకీలు మాటలు మాట్లాడితె నా నౌకరీ పోతదన్నా" అంది ఎస్తేరు. నా చాయ్ తాగింది. ఆలోచించింది. మళ్లీ ఒకటి తాగింది. చెకింగ్ సార్లు క్వారీ దుమ్ము చూసి అక్కడికి ముందే దిగిపోతారని ఆమెకూ తెలిసింది. ఇక అంతే! పదేళ్లపాటు జిల్లేడుబండలో ఎవరూ దిగలేదు. అందరం క్వారీలోనే దిగాం – కాగితం మీద. పోయేటప్పుడూ అంతే. క్వారీ దాటాకే టికెట్లు మొదలు.

తర్వాత ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది. సున్నా టికెట్. ఎక్కడికి తీసుకున్నా సున్నానే. అయినా మా ఊరి ఆడవాళ్లు ఏమని అడిగేవాళ్లో తెలుసా? "క్వారీ కాడికి ఒకటి!" ఫ్రీలో కూడా అయిదు రూపాయలు మిగిల్చిన జాతి మాది!

నడుమ క్వారీ మూతబడింది. అయిదేళ్లయింది. ఇప్పుడక్కడ ఒక గుంత, గుంతలో నీళ్లు, నీళ్లలో బర్రెలు. కానీ మేం మాత్రం రోజూ అరవై, డెబ్బై మందిమి అక్కడే దిగుతూ ఉన్నాం.

మొన్న ఎండాకాలం, పొద్దున పదకొండింటికి, బస్సు లేని వేళ, ఒక తెల్ల కారు నా హోటల్ ముందు ఆగింది. మెడలో కార్డు, చేతిలో ట్యాబు. రిత్విక్! మొదటి చాయ్ తాగుతూ అడిగాడు. "అంకుల్, ఈ ఊరికి బస్సు వస్తుంది కదా, ఎంతమంది దిగుతారు?"

చెకింగ్‌వాడే! కాకపోతే ఎంతమంది దిగుతారో వీడికెందుకు? తేలు కుట్టిన దొంగలా మొహం పెట్టి, "ఎవరు దిగుతరు సార్? ఒక్కడు దిగడు. మలుపుకోవడానికి వస్తది, మలుపుకొని పోతది" అన్నాను.

"మరి జనం?"

"అందరూ క్వారీ కాడ్నే దిగి నడుసుకుంట వస్తరు సార్. ఆరోగ్యానికి మంచిదని."

రాసుకున్నాడు. రెండో చాయ్ అడిగాడు. పైసలు వద్దన్నాను. బస్సుతోపాటు అవి కూడా వద్దన్నాను!

మూడో వారం బస్సు ఆగింది. క్వారీ దగ్గర మాత్రం నెల తిరగకుండా తళతళలాడే అద్దాల షెల్టర్ లేచింది. 'క్వారీ టెర్మినల్' అని పెద్ద అక్షరాలు. ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి సాకెట్లు. మా బర్రెలకు ఎంత సంబరమో!

నేను, సైదమ్మ, బాలయ్య కలిసి ఆఫీసుకు పోయాం. ఏసీ గది. రిత్విక్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. తెర తిప్పి చూపించాడు.

"చూడండి అంకుల్. పదేళ్లలో జిల్లేడుబండ స్టేజీలో దిగినవాళ్లు ఇద్దరు."

ఆ ఇద్దరెవరో నాకు తెలుసు. ఒకడు దారి తప్పిన ఇన్సూరెన్స్ ఏజెంటు. ఇంకొకడు మా ఊరికి పిల్లను చూడటానికి వచ్చిన పెళ్లికొడుకు. పాపం, మా ఆచారం తెలియక ఊరి పేరు చెప్పాడు. అంత తెలివితక్కువవాడు వద్దని పిల్ల తరఫువాళ్లు సంబంధం వదులుకున్నారు.

"క్వారీకి మాత్రం సూపర్ డిమాండ్ అంకుల్. రోజుకు అరవై ఎనిమిది మంది. అందుకే టెర్మినల్ ఇచ్చాం. అక్కడినుంచి మీ ఊరికి రెండు, మళ్లీ రెండు. ప్యాసింజర్ లేకుండా బస్సు తిరిగే దూరం. దీన్ని మేం డెడ్ కిలోమీటర్స్ అంటాం."

"డెడ్ అంటే ఏంది బిడ్డా?" అంది సైదమ్మ.

నేనే చెప్పాను. "సచ్చినయని."

"అగ్గో! మేం సచ్చినమా? నెత్తిమీద గంపతోని నీ ముంగట నిలవడ్డ గద సారూ! కావాల్నంటె కొత్తిమీర వాసన సూడు!"

"మీరు దిగుతున్నట్టు రికార్డు లేదు ఆంటీ. పైగా అంకులే చెప్పారు, ఎవరూ దిగరని." రిత్విక్ ట్యాబులోంచి నా మాట తీసి చదివాడు. 'స్థానిక చాయ్ హోటల్ యజమాని ధ్రువీకరించారు.'

సైదమ్మ నావైపు తిరిగింది. బాలయ్యకు కళ్లు సరిగా కనబడకపోయినా నావైపే తిరిగాడు. పదేళ్లుగా నన్ను వకీలన్న ఊరు, ఆ ఏసీ గదిలో నన్ను ఏమన్నదో ఇక్కడ రాయలేను. పిల్లలు చదివే పేపరు.

అయితే రిత్విక్ చెడ్డవాడు కాదు. అదే నా బాధ! చెడ్డవాడైతే తిట్టి పడుకునేవాణ్ని. "పది రోజులు ట్రయల్ ఇస్తాను అంకుల్. రోజుకు కనీసం ముప్పై మంది జిల్లేడుబండకు టికెట్ తీసుకోవాలి. పట్నం నుంచి వచ్చే సాయంత్రం ట్రిప్పుకే లెక్క. ఒక్క రోజు తగ్గినా క్లోజ్" అన్నాడు. ముప్పై అంటే మాకు లెక్కా?

ఎస్తేరు మాత్రం తిరిగొచ్చే బస్సులో నా చెవిలో చెప్పింది. "నాగన్నా, జర పైలం. వాళ్ల మనిషి ట్యాబు పట్టుకొని బస్సుల్నే కూసుంటడట. 'జిల్లేడుబండేనా' అని నేను నోరు తెరిచి అడగొద్దట. మీ నోట్లకెల్లే రావాలె."

"వస్తది. ఊరి పేరు చెప్పుడు మాకు రాదా?" అన్నాను.

రాలేదు!

పదేళ్ల అలవాటు పాఠకులారా! పట్నం నుంచి వచ్చే బస్సులో ఎస్తేరు "ఏడికి?" అనగానే నోరు తానే "క్వారీ" అంటుంది. అందుకని ట్రయల్‌కు ముందు రోజు సాయంత్రం నా హోటల్ ముందు తరగతి పెట్టాను. నా భార్య రమ కండక్టర్. భుజానికి బియ్యం సంచి తగిలించుకుని బెంచీల నడుమ నడుస్తూ "ఏడికి?" అని గద్దించింది. "జిల్లేడుబండ!" అని అందరం అరిచాం.

"బస్సు వస్తదో రాదో గని, యాభై ఏండ్లు వచ్చినంక మొగోళ్లు సొంత ఊరి పేరు బట్టీ పడుతుంటె సూడ ముచ్చటైతాంది" అంది రమ.

అంతలో బాలయ్య ఇంకో పుల్ల పెట్టాడు. "ఇదంత ఫసాయించుడు నాగరాజూ, ఉచ్చు పన్నుడు. జిల్లేడుబండ అన్నోని పేరు రాసుకొని, పదేండ్ల అయిదు రూపాయలు వడ్డీతోని వసూల్ చేస్తరట" అన్నాడు. ఎవరు చెప్పారయ్యా అంటే ఎవరో అన్నారన్నాడు. తెల్లారేసరికి సగం ఊరు దడిసిపోయింది. ఒక్కొక్కరి ఇంటికి తిరిగి, గడ్డాలు పట్టుకుని బతిమాలాను. వసూలు చేస్తే నేను కడతానని ఒట్టు వేశాను. అయిదు రూపాయలు కట్టనని ఊరిని లేపినవాణ్ని, అందరి బాకీ నాదే అని ఒప్పుకున్నాను!

మొదటి రోజు ముప్పై ఒకటి. రెండో రోజు ముప్పై నాలుగు. పనులున్నా లేకున్నా జనాన్ని పట్నం తోలి మళ్లీ తెచ్చాను. హోటల్ మూసేసి రోజూ నేనూ ఎక్కాను. ముందు డోరు దగ్గర నిలబడి, ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ, నోరు కదిలిస్తూ, 'జి...ల్లే...' అని సైగ చేసేవాణ్ని. బ్యాండు మేళం ముందు కర్ర తిప్పేవాడు ఉంటాడే, అట్లా.

తొమ్మిది రోజులు గట్టెక్కాం. పదో రోజు పక్క ఊళ్లో పెళ్లి. జనం తగ్గారు. లెక్క పెట్టుకున్నాను. నాతో కలిపి సరిగ్గా ముప్పై. చాలు!

ఎస్తేరు వెనకనుంచి టికెట్లు కొట్టుకుంటూ వస్తోంది. జిల్లేడుబండ. జిల్లేడుబండ. సైదమ్మ అయితే "జిల్లేడుబండా, నా తల్లీ, జిల్లేడుబండ!" అని రెండు సార్లు చెప్పింది. ఆమె బాలయ్య దగ్గరికి వచ్చేసరికి నేనూ డోరు వదిలి అతని సీటు దగ్గరికి జరిగాను. నోరు తెరిచాడు. మూశాడు. నేను అతని చెవిలో వంగి, "తాతా, క్వారీ అనకు. సచ్చినా సరే క్వారీ అనకు. క్వారీ అంటె ఊరు మునుగుతది" అని నూరిపోస్తున్నాను.

"జిల్లేడుబండ" అన్నాడు బాలయ్య. అన్నాడు! నేను జేబులోంచి పైసలు తీసి ఎస్తేరు చేతిలో పెట్టి, టికెట్ జేబులో కుక్కుకుని, బాలయ్యను ముద్దు పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఊరందరికీ చాయ్ ఫ్రీ.

మరునాడు ఉతికిన చొక్కా కాదు, అదే చొక్కాతో ఆఫీసుకు పోయాను. గెలిచినవాడు చొక్కా మార్చడు కదా! రిత్విక్ మొహం చిన్నగా ఉంది.

"అంకుల్, సారీ. నిన్న ఇరవై తొమ్మిది."

"ముప్పై! నేను లెక్క పెట్టిన."

"సిస్టంలో ఇరవై తొమ్మిదే ఉంది అంకుల్."

అప్పుడు లేచాను. పదేళ్ల కింద బస్సులో లేచినట్టే లేచాను. మీ సిస్టం దొంగది, మీ ట్యాబు దొంగది, ఏసీలో కూర్చునేవాడికి ఊళ్లు కనబడతాయా, ఒక్క రోజు పొద్దున ఏడింటికి నా బెంచీ మీద కూర్చుని ఉంటే కళ్లతో లెక్క పెట్టేవాడివి కాదా, అని కడిగేశాను. అదంతా నిజమే. ఇప్పటికీ నిజమే. ఆఫీసంతా పనులాపి వింది. చివరికి, "నా ఒక్క టికెట్ మింగిండ్రు మీరు! ఇగో నా టికెట్! ఇది లెక్కల పడిందా?" అని జేబులోంచి తీసి టేబుల్ మీద చరిచాను.

రిత్విక్ ఆ కాగితం ముక్కను విప్పాడు. చదివాడు. మెల్లగా నావైపు తిప్పి పెట్టాడు.

'క్వారీ – 1.'

నా నోరు ఎప్పుడు అన్నదో నాకు తెలియదు. బాలయ్య చెవిలో చెబుతూ ఎస్తేరుకు అన్నానేమో. అడిగితే ఎస్తేరు ఏడ్చింది. "నువ్వు క్వారీ అంటివన్నా. నీ జేబుల ఇరవై నోటు కూడ తయారుండె. నేను నీ కాలు తొక్కిన. నువ్వు సూడలే" అంది.

అందుకే అంటున్నాను, బస్సు సంస్కరణలు దైవసమానం! యంత్రం మనం చెప్పిందే వింటుంది, విన్నదే రాస్తుంది. చూసే పని దానికి లేదు. చూడాల్సిన మనుషులకు తీరిక లేదు. ఇంత నిజాయితీ గల పాలన ఎక్కడ దొరుకుతుంది?

చివరికి నా జాగా నాకు ఇవ్వండని మున్సిపల్ కార్పొరేషన్‌కు పోయాను. బస్సే రానప్పుడు మలుపెందుకు? గుమాస్తా పాత దానపత్రం తీసి చదివించాడు. నేను బస్సు కోసమని ఇచ్చాను. అందులో 'ప్రజా వాహనములు మలుపుకొనుటకు' అని ఉంది. చెత్త బండి ప్రజా వాహనమేనట. ఇప్పుడు పట్నం చెత్త బండ్లు రోజుకు పదహారు నా హోటల్ ముందు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒక్క బండీ టికెట్ అడగదు. డెడ్ కిలోమీటర్లు కావట అవి.

రిత్విక్‌కు శాలువా కొనడానికి బజారుకు పోవాలి. క్వారీ దాకా నడిచి పోవాలి. అద్దాల షెల్టర్ కింద నిలబడాలి. ఎస్తేరు వచ్చి "ఏడికెల్లి ఎక్కినవన్నా?" అని అడిగితే ఇప్పుడు నేను నిజమే చెబుతాను, క్వారీ అని. ట్రిప్పుకు అయిదు రూపాయలు మిగిల్చిన ఆ ఒక్క మాటకు నేను ఇచ్చుకున్న మూల్యం: జిల్లేడుబండ శివారు, సర్వే నంబరు 143/ఆ, రోడ్డు ముఖం కలిగిన ఆరు గుంటల నలభై గజాలు.